నీటిలో ఎవరు కలిపారు?

పోచంపల్లి అనగానే మీకు చేనేత చీరలు గుర్తొస్తాయి. 1951లో వినోబా భావేకు తొలి భూదానం అందిన ఊరని కూడా చదివే ఉంటారు. ఆ చుట్టుపక్కల చౌటుప్పల్, మునుగోడు, మర్రిగూడ ప్రాంతాలకు మాత్రం ఎవరూ కోరని పేరొకటి వచ్చింది. అక్కడి బోరు నీరు తేటగా ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. అయినా ఏళ్ళ తరబడి ఆ నీరు తాగిన పిల్లల పళ్ళకు గోధుమరంగు గార పట్టింది. పెద్దల కీళ్ళు బిగుసుకుపోయి, నడుములు వంగిపోయాయి. ఇదే ఫ్లోరోసిస్ వ్యాధి. నల్లగొండ జిల్లాలో ఈ వ్యాధి గురించి సిద్దిఖీ అనే వైద్యుడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు.

మరి ఆ నీటిలో విషం కలిపిందెవరు? ఎవరూ కాదు. ఆ నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్ళలో నీరు చాలాకాలం నిలిస్తే ఫ్లోరైడు దానిలో కరుగుతుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట కూడా ఒకటిన్నర మించరాదని మన దేశ ప్రమాణం.

ఇదే ఫ్లోరైడు అమెరికాలో ఇంకో కథ నడిపింది. 1901లో మెకే అనే యువ దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్‌కు వెళ్ళి, అక్కడివారి పళ్ళమీద గోధుమరంగు మచ్చలు చూశాడు. పందిమాంసం వల్లనని కొందరు, పాలు మంచివి కావని కొందరు అన్నారు. 1923లో ఆయన ఓక్లీ అనే ఊరికి వెళ్ళాడు. దూరాన ఉన్న వేడినీటి ఊట నుంచి గొట్టాలు వేసి నీరు తెచ్చుకున్నాకే పిల్లల పళ్ళు ఇలా అయ్యాయని అక్కడి తల్లులు చెప్పారు. ఆ నీరు మానేయండన్నాడు మెకే. మానేశారు. కొన్నేళ్ళకు పిల్లలకు కొత్తగా వచ్చిన పళ్ళు తెల్లగా ఉన్నాయి! ఆ తల్లులు ఏ ప్రయోగశాలా చూసినవారు కారు. అయినా సగం పరిశోధన వారిదేనని నేనంటాను. నీటిలో ఉన్నది ఫ్లోరైడని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు.

అది కొద్దిగా ఉంటే పళ్ళు పుచ్చడం తగ్గుతుందని తరువాత తేలింది. 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున కలపసాగింది. అంతే, పుకార్లు లేచాయి! ఇది కమ్యూనిస్టుల కుట్ర అన్నారు కొందరు. అల్యూమినియం కంపెనీలు తమ చెత్తను వదిలించుకుంటున్నాయన్నారు మరికొందరు.

తల్లులూ నీటినే అనుమానించారు, వీరూ నీటినే అనుమానించారు. తేడా ఎక్కడుంది? తల్లుల అనుమానం తప్పయితే తేలిపోయే వీలుంది: నీరు మార్చినా మచ్చలు వస్తూనే ఉంటే నీటి తప్పు కాదన్నమాట. కుట్ర మాటకు ఆ వీలు లేదు. వైద్యులు పరీక్షించి ఏమీ లేదంటే, వైద్యులూ కుట్రలో ఉన్నారంటారు! ఎంత మోతాదు మేలు, ఎంత కీడు అన్న చర్చ శాస్త్రజ్ఞుల మధ్య ఇప్పటికీ ఉంది. కాని అది కొలతల మీద జరిగే చర్చ.

నల్లగొండవారి చేతిలోనూ కొలతలే ఉన్నాయి. 1996 లోక్‌సభ ఎన్నికలలో మంచినీటి కోసం నిరసనగా ఆ ఒక్క నియోజకవర్గంలోనే 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ విధానం' అనే పేరుంది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగు పొడి వేసి కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైతేటను వంచుకుంటారు. పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిని పరీక్షించాకే తేలుతుంది. గుప్పెడు వేసేస్తే కుదరదు.

ఫ్లోరైడు పరీక్ష పెట్టె బడి పిల్లలు కూడా వాడగలిగినదే. మీ ఉపాధ్యాయుని దగ్గరుండమని అడగండి. ఒక రకం పెట్టెలో, గాజు గొట్టంలోని నీటికి మందు చుక్కలు వేస్తే గులాబిరంగు వస్తుంది. ఫ్లోరైడు పెరిగినకొద్దీ అది పసుపుకు తిరుగుతుంది. ఇప్పుడు ఆ ఊళ్ళకు గొట్టాల్లో కృష్ణ నీరు వస్తోంది. ఒక గొట్టంలో కుళాయి నీరు, ఇంకో గొట్టంలో పాత బోరు నీరు పోసి పక్కపక్కన పెట్టి చూడండి.