పన్నుకు క్యాప్: డాక్టర్ చెప్పిన రేటులో ఏమేం ఉన్నాయి?

పసుపు డబ్బులు చేతికొచ్చాకో, గల్ఫ్ నుంచి ఇంటాయన సెలవు మీద వచ్చాకో ఆర్మూర్ వైపు చాలా ఇళ్లలో వాయిదా పడ్డ పంటి వైద్యం గుర్తొస్తుంది. రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ వేయాలని డాక్టర్ అనగానే అందరూ అడిగేది ఒకటే: ఎంతవుతుంది?

అది క్యాప్ దేనితో చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. పూర్తి లోహపు క్యాప్ చవక, గట్టిది; కానీ వెండిలా మెరుస్తుంది కాబట్టి వెనక దవడ పళ్లకే బాగుంటుంది. లోహం మీద పింగాణీ వేసినది సుమారు 3,000 నుంచి 6,000 రూపాయలు. కొన్నేళ్లకు చిగురు దగ్గర నల్లగీత కనిపించొచ్చు. పంటి రంగులో ఉండే జిర్కోనియాకు 7,000 నుంచి 15,000 దాకా అవుతుంది.

ఒప్పుకునే ముందు మూడు సంగతులు అడగండి. రూట్ కెనాల్, ఎక్స్‌రే ఈ రేటులోనే ఉన్నాయా? పన్ను బాగా విరిగి ఉంటే లోపల కట్టే పోస్ట్‌కు వేరే డబ్బులా? జిర్కోనియాకు వారంటీ కార్డు ఇస్తారా?

ఖర్చు తగ్గాలంటే నిజామాబాద్ దగ్గర మల్లారంలోని మేఘన డెంటల్ కాలేజీలోనో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ ఆసుపత్రిలోనో కనుక్కోవచ్చు. కాకపోతే ఎక్కువసార్లు తిరగాలి.

పన్ను అరగదీసి కొలత తీసుకున్నాక క్యాప్ ల్యాబ్ నుంచి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే సెలవు మీద వచ్చినవాళ్లు మొదటి వారంలోనే వెళ్లాలి. నొప్పి పోయిందని క్యాప్ వేయించుకోకుండా వదిలేస్తే, ఓ రోజు నల్లీ ఎముక కొరికినప్పుడు దవడ పన్ను నిలువునా చీలొచ్చు. అప్పుడు పన్ను పీకించుకోవాలి. దాని స్థానంలో కట్టుడు పన్నుకు క్యాప్ కంటే ఎక్కువే కావొచ్చు.