పిడుదు ఒంటిపై మైనపు పూత

కుక్క చెవి మడతలో పట్టుకొని వదలని పిడుదును ఎరుగనివారు అరుదు. కొన్ని జిల్లాలలో దీనినే గోమారి అంటారు. తమిళుల నోట ఇది ఉణ్ణి. వానకాలంలో గోడలు చెమర్చి, మూలనున్న చెప్పులకు సైతం బూజు పడుతుంది. అదే గోడ నెర్రెలో నెలల తరబడి దాగియున్న పిడుదుకు మాత్రం ఆ బూజు అంత సులభంగా సోకదు.

పురుగులను చంపే శిలీంధ్రాలు లేకపోలేదు. పొలాలలో చల్లే బవేరియా, మెటారైజియం పొడులు అటువంటివే. వాటి దాడి ప్రధానంగా చర్మం మీదుగానే సాగుతుంది. సిద్ధబీజం ముందుగా పురుగు ఒంటికి అంటుకోవాలి; అక్కడ మొలకెత్తాలి; కొవ్వును, మాంసకృత్తులను, కైటిన్‌ను కరిగించే ఎంజైములను స్రవిస్తూ లోనికి దిగాలి. పిడుదు విషయంలో ఈ పయనం తరచు గడపలోనే ఆగిపోతుంది.

పిడుదు పైచర్మాన్ని అవభాసిని అంటారు. దాని లోపలి పొర కైటిన్, మాంసకృత్తులు కలిసిన దళసరి పొర. పైన అతి పలుచని మరొక పొర, దానిపై మైనమూ కొవ్వులూ కలిసిన పూత ఉంటాయి. ఒంటిలోని నీరు ఆవిరి కాకుండా కాపాడేది ఈ పూతయే. రక్తం దొరకక నెలలు గడపవలసిన ప్రాణికి తేమకు మించిన ఆస్తి ఏముంది? అయితే కొన్ని జాతులలో ఈ పూత శిలీంధ్రాన్ని కూడా అడ్డగిస్తుంది. అమెరికాలో వీపుపై ఒక తెల్లచుక్క గల పిడుదు ఉన్నది. దాని ఒంటిపై కొవ్వులను ద్రావకంతో వేరుచేసి పరీక్షించగా, అవి శిలీంధ్రాల పెరుగుదలను అణచివేశాయి. దాని దగ్గరి చుట్టమైన మరొక జాతి మాత్రం అవే శిలీంధ్రాలకు తేలికగా లొంగింది. పిడుదులన్నీ ఒక్కటి కావు.

కుబుసం మరొక రక్ష. చర్మాన్ని ఇంకా తొలచని సిద్ధబీజాలు విడిచిన కుబుసంతోపాటే పోతాయి. గుడ్లకు సైతం తల్లి పూత పూస్తుంది: తల దగ్గరనున్న ఒక ప్రత్యేక అవయవంతో ఒక్కొక్క గుడ్డుకూ మైనం అద్దుతుంది. పలుచని చర్మం గల పసి పిడుదులే శిలీంధ్రానికి ఎక్కువగా చిక్కుతాయి.

కనుక స్వగ్రామంలో చేనికి చల్లిన పొడిని తెచ్చి ఇంటి నేలపై చల్లితే ఫలితం కలుగుతుందనుకోవడం పొరపాటు. సిద్ధబీజం మొలకెత్తడానికి తగినంత తేమ కావాలి. ఎండ తగిలితే అది నశిస్తుంది. పైగా ఆ పొడి గాలితోపాటు పిల్లల ఊపిరిలోకి పోతుంది. కుక్కకు పశువైద్యుడు చెప్పిన మందు వాడాలి. ఒంటికి పట్టిన పిడుదును చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయరాదు, గోటితో నలపరాదు. రక్తం తాగి రాలిన ఆడపిడుదు గోడ ఎక్కి నెర్రెలలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందువల్ల కుక్కకు మందు వేసిన వారంలోనే ఆ నెర్రెలను కూడా సిమెంటుతో పూడ్చడం అవసరం.