అమ్మ ఒడికీ సొంతింటికీ నడుమ

చైనా దక్షిణాన గ్వాంగ్‌జౌ నగరంలో, పెర్ల్ నది ఒడ్డున షామియన్ అనే చిన్న దీవి ఉంది. రెండో నల్లమందు యుద్ధం తర్వాత బ్రిటిష్‌వాళ్లూ ఫ్రెంచివాళ్లూ పంచుకున్న నేల అది. మర్రిచెట్ల కింద పాతకాలపు యూరప్ మేడలు, నదికి ముఖం పెట్టి 1983లో తెరిచిన వైట్ స్వాన్ హోటల్. తొంభైల నుంచి చాలా ఏళ్లపాటు ఆ హోటల్‌లో పొద్దున్నే టిఫిన్‌కి దిగితే ఏ బల్ల దగ్గర చూసినా అమెరికన్ దంపతులూ, వాళ్ల ఒళ్లో చైనా పసిపిల్లలూ కనిపించేవారు. లాబీలోని ఎర్ర సోఫాల మీద పట్టు గౌన్లు తొడిగిన పాపలను వరసగా కూర్చోబెట్టి ఫొటో తీయడం ఒక ఆనవాయితీ అయింది. ఆ హోటల్లో దిగిన కుటుంబాలకు మాటెల్ కంపెనీ ప్రత్యేకంగా ఒక బార్బీ బొమ్మను ఇచ్చేది. ఆ బార్బీ చేతుల్లో ఒక చైనా పాప ఉండేది.

అందరూ అక్కడికే చేరడానికి కారణం వీసా. చైనాలో దత్తత తీసుకున్న పిల్లలకు అమెరికా వలస వీసా ఇచ్చేది గ్వాంగ్‌జౌ కాన్సులేట్ ఒక్కటే. చాలాకాలం ఆ కార్యాలయం హోటల్ పక్కనే ఉండేది. 1999 నుంచి 2023 దాకా చైనా నుంచి 82 వేలకు పైగా పిల్లలు అమెరికన్ ఇళ్లకు వెళ్లారు. ఒక్క 2005లోనే ఆ సంఖ్య 7,900 దాకా చేరింది. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. ఒకే బిడ్డ అన్న ప్రభుత్వ కట్టడి, మగపిల్లాడు కావాలన్న ఇంటి పట్టు, రెండూ కలిసి వాళ్లను అనాథాశ్రమాల గుమ్మాల దగ్గరికి చేర్చాయి.

ప్రయాణం మొత్తం సుమారు రెండు వారాలు పట్టేది. ముందు పాప పుట్టిన రాష్ట్ర రాజధాని, అంటే చాంగ్‌షానో నాన్‌చాంగో. అక్కడి పౌర వ్యవహారాల కార్యాలయంలో బిడ్డను చేతుల్లో పెట్టేవారు. ఒక రోజు గడిచాక మళ్లీ రమ్మని, మనసు మారలేదు కదా అని అడిగి సంతకాలు తీసుకునేవారు. ఆ తర్వాత పాపకు చైనా పాస్‌పోర్టు వచ్చేదాకా ఆ ఊళ్లోనే ఉండాల్సి వచ్చేది. అది చేతికందాక గ్వాంగ్‌జౌ వెళ్లి వైద్య పరీక్షలు చేయించేవారు. 2009 తర్వాత రెండేళ్లు నిండిన పిల్లలకు క్షయ పరీక్ష కూడా తోడైంది. చివరికి కాన్సులేట్‌లో కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసేవారు. ఇదంతా పూర్తయ్యాక సీలు వేసిన కవరు ఒకటి ఇచ్చేవారు. దాన్ని మధ్యలో తెరవకూడదు, అమెరికాలో దిగిన చోట అధికారికే ఇవ్వాలి. 2001 ఫిబ్రవరిలో అమలుకు వచ్చిన చట్టం ప్రకారం, చైనాలోనే దత్తత పూర్తయిన బిడ్డ అమెరికా గడ్డ మీద అడుగుపెట్టగానే ఆ దేశ పౌరుడైపోతాడు.

ఈ రెండు వారాలను చాలామంది ఎలాగో గట్టెక్కాల్సిన కాగితాల యాతనగానే చూశారు. నా దృష్టిలో దత్తత ప్రయాణం మొత్తంలో ఇంతకంటే విలువైన రోజులు లేవు.

బిడ్డ వైపు నుంచి చూడండి. నిన్నటిదాకా ఆయాల చేతుల్లో ఉంది. ఆ చేతుల వాసన తెలుసు, పక్క మంచం మీది పిల్లల ఊపిరి చప్పుడు తెలుసు. ఇవాళ ఒక ఆఫీసు గదిలో ముక్కూ మొహం తెలియని మనుషులు ఎత్తుకున్నారు. వాళ్ల మాట అర్థం కాదు. ఆశ్రమాల్లో పెంచేది దాదాపు అందరూ ఆడవాళ్లే కాబట్టి, కొందరు పిల్లలకు మగమనిషి గొంతే కొత్త. అందుకే నాన్న దగ్గరికి వస్తే గుక్కపట్టేవారు. కొందరు చలికోసం తొడిగిన బట్టల పొరలను విప్పనిచ్చేవారు కాదు, పాత బూట్లు కాళ్లకే ఉంచుకుని పడుకునేవారు. కొందరు ఒక బిస్కెట్ తింటూ రెండోదాన్ని పిడికిట్లో దాచుకునేవారు. మరికొందరు అసలు ఏడ్చేవారే కాదు. కదలక మెదలక ఉన్న పిల్లను చూసి ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని మురిసిపోయిన తల్లిదండ్రులు ఉన్నారు. ఆ మౌనం ఏడుపు కన్నా బరువైనది. ఏడ్చే బిడ్డకు తను ఎవరినో పోగొట్టుకున్నానని తెలుసు. అంటే ఆమెను ఎవరో ప్రేమగానే పెంచారు. కొత్త అమ్మకు అంతకంటే మంచి కబురు ఏముంటుంది?

మడిలో నాటిన నారు కొన్నాళ్లు వాడిపోయి కనిపిస్తుంది. అది మూన తిరిగేదాకా రైతు దాన్ని కదపడు. గ్వాంగ్‌జౌ రోజులు బిడ్డకు ఆ గడువును ఇచ్చాయి. ఇల్లు మారింది, మనుషులు మారారు. కానీ వీధిలో వినపడే మాటలు ఇంకా తన దేశానివే, పొద్దున అన్నం జావ రుచి తెలిసిందే, చుట్టూ తనలాంటి మొహాలే. అన్నీ ఒక్కసారే చేజారలేదు. ఈ సంగతి గ్రహించిన దంపతులు మ్యూజియంలూ షాపింగూ పక్కనపెట్టి, పిల్లను చంకనేసుకుని ఆ దీవిలోని చెట్ల కిందే తిరిగారు. తినిపించడం, స్నానం చేయించడం, జోకొట్టడం వేరే ఎవరికీ అప్పగించలేదు. అన్నం, నీళ్లు, నొప్పి, బాత్రూం, భయం లేదు అనే ఐదు మాటలు చైనా భాషలో నేర్చుకుని వెళ్లారు.

వీలున్నవాళ్లు ఇంకో పని చేశారు. వీసాకు బయల్దేరేముందు పాప పెరిగిన ఆశ్రమానికీ, పాప దొరికిన చోటుకీ వెళ్లి ఫొటోలు తీసుకున్నారు, ఆయాలతో మాట్లాడారు. ఇరవై ఏళ్లు వచ్చాక ‘నేనెక్కడి దాన్ని’ అని ఆ అమ్మాయి అడిగితే చూపించడానికి తల్లిదండ్రుల దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

కాగితాల జాప్యం మీద విసుక్కునే ముందు ఆ కాగితాలు ఎందుకొచ్చాయో తెలియాలి. విదేశీ దంపతులు అప్పట్లో ఒక్కో బిడ్డకు ఆశ్రమానికి 3,000 డాలర్ల దాకా విరాళం కట్టేవారు. 2005 చివర్లో హునాన్ రాష్ట్రం హెంగ్‌యాంగ్‌లో, ఆశ్రమాలు దళారుల నుంచి శిశువులను కొంటున్న వ్యవహారం బయటపడింది. ఈ మాట వినగానే మనవాళ్లకు హైదరాబాద్ గుర్తుకు రావాలి. 1999లోనూ 2001లోనూ లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను కొని అక్కడి దత్తత సంస్థలకు చేర్చిన ముఠాల ఉదంతాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేశాయి. ప్రభుత్వ దర్యాప్తులతో దత్తతలు ఆగిపోయి, తమ బిడ్డ అనుకున్న పాపలకోసం విదేశీ దంపతులు నెలల తరబడి ఎదురుచూశారు. వాళ్ల బాధ నిజమే. తండాలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి బాధ అంతకన్నా పెద్దది. ఆ తల్లిని కాపాడే కాగితం ఎంత ఆలస్యమైనా నాకు సమ్మతమే.

మన దేశం 2003లో, దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒడంబడికలో చేరింది. ఇప్పుడు విదేశీ దత్తతలన్నీ ఢిల్లీలోని కేంద్ర సంస్థ కారా ద్వారానే జరగాలి. 2022 నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు బదులు కలెక్టర్ ఇస్తున్నారు. ఆ తర్వాత దత్తత ఒడంబడిక ప్రకారమే జరిగిందని చెప్పే అనుగుణ్యతా ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా. అంటే అమెరికా నుంచో యూరప్ నుంచో వచ్చినవాళ్లకు ఇక్కడా ఆ నడుమ రోజులు తప్పవు. ప్రవాస తెలుగు దంపతులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. బిడ్డ ఏ రాష్ట్రం నుంచైనా రావచ్చు. ఒడిశా పాపకు మన లాలిపాట కూడా పరాయి భాషే. మొక్కులూ, చుట్టాల ఇళ్లూ, బారసాల సందడీ తర్వాత చూసుకోవచ్చు. ఆ కొన్నాళ్లు ఒక గది, ఇద్దరు మనుషులు, రోజూ అదే వేళకు అన్నం, అదే వేళకు నిద్ర. బామ్మ ఎత్తుకుంటానంటే కూడా ‘ఇంకొన్నాళ్లు ఆగమ్మా’ అని చెప్పే ధైర్యం ఉండాలి.

చైనా మాత్రం ఆ తలుపు మూసేసింది. దగ్గరి బంధువుల పిల్లలకూ సవతి పిల్లలకూ తప్ప విదేశీ దత్తతలు ఇక ఉండవని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. దేశంలో పుట్టుకలే తగ్గిపోయిన కాలంలో ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ అప్పటికే వందల అమెరికన్ కుటుంబాలకు ఫలానా బిడ్డ మీకు అని ఖరారైంది. కోవిడ్ వల్ల 2020లో ప్రయాణాలు ఆగిపోయాక వాళ్లు అప్పటికి నాలుగేళ్లుగా ఎదురుచూస్తూ ఉన్నారు. ఆ పిల్లల్లో చాలామందికి వైద్య అవసరాలున్నాయి. అమ్మానాన్నలు వస్తారని కొందరికి ముందే చెప్పారు, ఫొటోలు చూపించారు. ఆశ్రమాల్లోనే పెద్దవుతున్న ఆ పిల్లలకు ఎవరూ ఎందుకు రాలేదో చెప్పాల్సిన బాధ్యత చైనా, అమెరికా ప్రభుత్వాలు రెండింటిదీ. మాట ఇచ్చిన బిడ్డల వరకైనా ఆ తలుపును మళ్లీ ఒకసారి తెరవాలి.