బ్రౌజర్, మెయిల్ ఒకే దాంట్లో: సీమంకీ వేసుకోవచ్చా, వివాల్డీనా?

ఉట్నూర్ నుంచి మళ్ళీ నేనే. ఈసారి ప్రశ్న చిన్నదే. పాత ల్యాప్‌టాప్ ఒకటి చేతికొచ్చింది, నెట్ వస్తది పోతది. బ్రౌజర్ వేరే, మెయిల్ వేరే ఎందుకు, రెండూ కలిపి ఒకటే సాఫ్ట్‌వేర్ దొరకదా?

దొరుకుతది. పేరు సీమంకీ. ఫోన్‌లో యాప్‌లతోనే పెరిగినోళ్ళకి ఇది వింతగా ఉంటది గానీ, ఒకప్పుడు ఇదే పద్ధతి. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ కమ్యూనికేటర్‌లో బ్రౌజర్, మెయిల్, వెబ్ పేజీ తయారుచేసే ఎడిటర్ అన్నీ కలిసే ఉండేవి. దాని వారసత్వమే మొజిల్లా సూట్. 2005లో మొజిల్లా వాళ్ళు ఇక ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ విడివిడిగానే చేస్తామన్నారు. పాతది వదలలేని వాలంటీర్లు దాన్ని పట్టుకుని 2006 జనవరిలో సీమంకీ 1.0 తెచ్చారు. ఇప్పటికీ వాలంటీర్లే నడుపుతున్నారు. ఫ్రీ.

మన దగ్గర దీని అసలు లాభం మెయిల్. మెయిల్స్‌ని కంప్యూటర్‌లోకే దించుకుంటది. టవర్ పోయినా హాల్‌టికెట్ మెయిల్, స్కాలర్‌షిప్ మెయిల్ తెరిచి చదవచ్చు. ఖాతా పెట్టేటప్పుడు ఐమ్యాప్ ఎంచుకోండి. అప్పుడు సర్వర్‌లో కూడా కాపీ ఉంటది, ఫోన్‌లోనూ కనబడతది. పాప్ పెడితే మాత్రం, మెసేజ్‌లు సర్వర్‌లో ఉంచాలన్న టిక్ ఉందో లేదో చూడండి. అది లేకుంటే మెయిల్ ఆ ల్యాప్‌టాప్‌లోనే మిగులుతది, హార్డ్‌డిస్క్ పోయిందా, మెయిల్ కూడా పోయినట్టే.

ఇక లోపం. పెద్దదే. సీమంకీ లోపలి ఇంజిన్ పాత ఫైర్‌ఫాక్స్ మీద ఆధారపడింది. కొత్తగా కట్టిన సైట్లు సగం తెరుచుకుంటయి, బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. అప్లికేషన్ ఆఖరి తేదీ రాత్రి ఫారం సబ్మిట్ కాకపోతే ఎవరిని అడుగుతాం? అందుకే ఫారాలకి, బ్యాంకు పనులకి దీన్ని నేను వాడమనను.

ఇంకోటి, అన్నీ ఒకే చోట అంటే తాళం కూడా ఒకటే. పాస్‌వర్డ్‌లు, మెయిల్స్ ఒకే ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఉంటయి. ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే, ఎంత సుఖం! కానీ ఆ పెన్‌డ్రైవ్ దొరికినోడికి కూడా అంతే సుఖం. మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టకుంటే, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లని సెట్టింగ్స్‌లోకి పోయి ఎవరైనా చూడొచ్చు. ఇంటర్నెట్ సెంటర్‌లో, హాస్టల్ కంప్యూటర్‌లో మీ మెయిల్ అసలు పెట్టొద్దు. మెయిల్ పోతే, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కి మిగతా ఖాతాలన్నీ తెరవొచ్చు కదా.

మరి ఏం వేసుకోవాలి? కలిపే కావాలంటే వివాల్డీ చూడండి. ఒపెరా స్థాపకుల్లో ఒకరైన జాన్ వాన్ టెచ్‌నర్ మొదలుపెట్టింది. క్రోమియం మీద కట్టారు కాబట్టి క్రోమ్‌లో తెరుచుకునేవి దాదాపు ఇందులోనూ తెరుచుకుంటయి. 2022లో దాని మెయిల్ 1.0 వచ్చింది, క్యాలెండర్ కూడా ఉంది. కాకపోతే మెయిల్ కంప్యూటర్‌లోనే, ఆండ్రాయిడ్ వివాల్డీలో లేదు. సీమంకీకైతే ఆండ్రాయిడ్ యాపే లేదు.

నా ఓటు మాత్రం ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ విడివిడిగా. 2024 నుంచి థండర్‌బర్డ్ ఆండ్రాయిడ్‌లో కూడా ఉంది. ర్యామ్ బాగా తక్కువుంటే ఒకటి మూసి ఇంకోటి తెరవండి, అంతే.