వార్తల్లో పదం: క్లౌడ్ కంప్యూటింగ్

దస్త్రాలనూ సాఫ్ట్‌వేర్‌నూ సొంత కంప్యూటర్‌లో కాక దూరాన ఉన్న డేటా కేంద్రాల సర్వర్లలో ఉంచి, ఇంటర్నెట్ ద్వారా వాడుకునే ఏర్పాటును క్లౌడ్ కంప్యూటింగ్ అంటారు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులను ఆనుకొని ఉన్న చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో సిగ్నల్ అందని గూడేనికి, ఆ కేంద్రం హైదరాబాద్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా ఒకటే దూరం. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పటి వంటి వరదల్లో కరెంటు, టవర్లు ఆగిపోతే, పత్రం ఎక్కడో భద్రంగానే ఉన్నా పునరావాస శిబిరంలో ఉన్నవారి చేతికి రాదు.

అంతకన్నా లోతైన చిక్కు పెత్తనానిది. నిల్వ నియమాలను మార్చే అధికారం వినియోగదారుకు కాక సంస్థకే ఉంటుంది: కుదించిన ఫోటోలకు పరిమితి లేని ఉచిత నిల్వ ఇస్తూ వచ్చిన గూగుల్, 2021 జూన్ 1 నుంచి కొత్త ఫోటోలను జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 జీబీ ఉచిత వాటాలోనే లెక్కించసాగింది, రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని 2023లో ప్రకటించింది. ఖమ్మంలోని ఏ ఇంటర్నెట్ సెంటర్‌లోనో ఖాతా తెరిపించుకుని, పాస్‌వర్డ్ మరచి, ఫోన్ నంబరూ మార్చుకున్నవారికి ఈ నిబంధన మరింత కఠినమైనది.

పైగా ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య దస్త్రాలను ఒకేలా ఉంచే 'సింక్' పద్ధతిలో, ఒకచోట చెరిపినది రెండోచోటా చెరిగిపోతుంది కనుక, దానినే బ్యాకప్ అనుకోవడం పొరపాటు. పెన్‌డ్రైవ్ వంటి చోట విడిగా దాచిన నకలే బ్యాకప్ అవుతుంది.