ఓడ మన కోసం ఆగదు

నాలుగు రాత్రుల విహారం అయిపోయి ఓడ సింగపూర్ రేవుకు తిరిగొచ్చే రోజు. పిల్లలింకా నిద్ర లేవలేదు. ఇంటాయన మంచం మీదే కూర్చుని ఫోన్లో ఓడ యాప్ తెరిచి లెక్క చూసుకుంటాడు. టికెట్ డబ్బు మూడు నెలల కిందటే కట్టేశారు. గది, తిండి, ఆటపాటలు అన్నీ అందులోనే అన్నాడు ఏజెంటు. మరి ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? కిందికి జరుపుతూ పోతే ఒక్కొక్కటే బయటపడుతుంది. వైఫై ప్యాకేజీ. పిల్లలు తాగిన కూల్‌డ్రింకులు. రెండో రోజు సరదాపడి తిన్న స్పెషల్ రెస్టారెంటు. ఫోటోలు. అన్నిటికన్నా పెద్దది, సిబ్బంది టిప్పు.

ఏజెంటు అబద్ధం చెప్పలేదు. మామూలు డైనింగ్ హాలు, బఫే, ఈతకొలను, రాత్రిపూట నాటకాలూ మ్యాజిక్ షోలూ టికెట్‌లోవే. మిగతావి కావు. అమెరికా కంపెనీల ఓడల్లో టిప్పు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. బడికెళ్ళే పిల్లలకు కూడా చాలా ఓడల్లో పెద్దలతో సమానంగానే వేస్తారు. 18 డాలర్లు అనుకున్నా, నలుగురికి నాలుగు రాత్రులకు 288 డాలర్లు. మన డబ్బుల్లో దాదాపు పాతిక వేలు. టికెట్ చవగ్గా ఉందంటే ఇదీ ఒక కారణం. ఓడ కంపెనీ టికెట్ మీదే కాక బారులో, కాసినోలో, స్పాలో కూడా సంపాదిస్తుంది. అందుకే ధరలు పోల్చేటప్పుడు టికెట్‌కు పోర్టు పన్నులు, టిప్పు కలిపి ఒక అంకె వేసుకుని, అప్పుడు పోల్చాలి. టిప్పు ముందే కలిపేసిన ప్యాకేజీ పైకి ఖరీదుగా కనిపించినా చివరికి తక్కువకే తేలవచ్చు.

ఈ వ్యాపారం పుట్టిందే ఓడ ఖాళీగా ఉండటం ఇష్టంలేక. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్ళు తగ్గిపోయి ఓడలు రేవులో పడి ఉంటున్నాయని, జర్మనీలో హాంబర్గ్-అమెరికా లైన్ నడిపిన ఆల్బర్ట్ బాలిన్ 1891లో ఒక ఓడను మధ్యధరా సముద్రం చుట్టూ విహారానికి పంపాడు. అది ఆడింది. విహారం కోసమే కట్టించిన తొలి ఓడ 1900లో నీళ్ళలోకి దిగింది. తర్వాత జెట్ విమానాలొచ్చి సముద్ర ప్రయాణమనే అవసరాన్నే తుడిచేశాయి. మిగిలిన ఓడలు సరదాకు మళ్ళాయి. 2024 జనవరిలో తొలి యాత్రకు బయల్దేరిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' లోపలి పరిమాణం టైటానిక్‌కు ఐదు రెట్లకు పైనే. నిండితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్ళను చూసుకోవడానికి ఇంకో 2,350 మంది సిబ్బంది. ఒక మండల కేంద్రం మొత్తం నీళ్ళమీద తేలుతున్నట్టు.

ఉత్తరాంధ్రలో ముసలివాళ్ళకు ఓడంటే ఇంకో జ్ఞాపకం. 'రంగం' పోవడమంటే రంగూన్‌కు కూలికి పోవడం. కాకినాడ, విశాఖ రేవుల నుంచి స్టీమర్లెక్కి వేల కుటుంబాలు బర్మా వెళ్ళాయి, డెక్ మీదే పడుకుని. ఆ విశాఖలోనే సుమారు 96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అక్కడికి వచ్చిన 'ద వరల్డ్' ఓడలో ఉండేవాళ్ళలో చాలామందికి అందులో సొంత ఫ్లాట్లున్నాయి. ఇల్లే ప్రపంచం చుట్టి వస్తుంది.

మన దేశంలోనే ఎక్కాలనుకునేవాళ్ళకు కొన్నేళ్ళుగా ప్రధానంగా ఉన్నది 'కార్డీలియా ఎంప్రెస్'. 1990లో కట్టిన ఓడ, అంతకుముందు రాయల్ కరీబియన్ కంపెనీకి తిరిగింది. ముంబై నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు నడుస్తుంది. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకూ వచ్చింది. జూన్‌లోనే ఎందుకంటే, నైరుతి రుతుపవనాలు మొదలయ్యాక అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలల్లో ఓడ తూర్పు తీరానికి మారుతుంది. తేదీలు చూసి టికెట్ కొనేవాళ్ళు సముద్రాన్ని కూడా చూసుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో తుపాన్లెలా ఉంటాయో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్, విశాఖ కుటుంబాలు ఎక్కువగా తొక్కే దారి మాత్రం సింగపూర్‌ది. మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో ఎక్కితే మూడు నాలుగు రాత్రుల్లో మలేషియాలోని పెనాంగ్ లేదా పోర్ట్ క్లాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసి తిరిగొచ్చేయొచ్చు. ఇక్కడ చాలామందిని పట్టేసే చిక్కు వీసా. విమానంలో సింగపూర్ చేరినప్పుడు ఒకసారి ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టు. ఓడలో బయటికి వెళ్ళి తిరిగొస్తే రెండోసారి. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే ఓడ ఎక్కే కౌంటరు దగ్గరే ఆపేస్తారు. మల్టిపుల్ ఎంట్రీ ఉండాల్సిందే. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు పైన ఉండాలి. మలేషియా, థాయ్‌లాండ్ ఈమధ్య భారతీయులకు వీసా తీసేసినా, ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఎరైవల్ కార్డులున్నాయి. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో మరోసారి చూసుకోవడం మేలు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకు ఇలాంటిదే మరో ముడి ఉంది. వేసవిలో సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్ తెలుగు కుటుంబాల్లో బాగా నడుస్తోంది. మంచుకొండలు, తిమింగలాలు, బాల్కనీలో కూర్చుని టీ. పోయేది అమెరికాలో ఒక ఊరి నుంచి అమెరికాలోని మరో రాష్ట్రానికే కదా అనుకుంటారు. కానీ 1886 నాటి ఒక చట్టం ప్రకారం, విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళను మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా తిప్పి తీసుకురాకూడదు. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహమాస్, పనామా లాంటి దేశాల జెండాలవే. అందుకని తిరుగు ప్రయాణంలో ఓడ కెనడాలోని విక్టోరియా దగ్గర కొన్ని గంటలు ఆగుతుంది. ఆ కొన్ని గంటల కోసం, ఓడ దిగకపోయినా సరే, భారతీయ పాస్‌పోర్టున్న అమ్మానాన్నలకు కెనడా వీసా కావాలి. వీసా చేతికి రావడానికి వారాలు పడుతుంది. టికెట్ కొన్నాక ఈ సంగతి తెలిసి, కొడుకూ కోడలూ ఓడెక్కగా పెద్దవాళ్ళు సియాటిల్‌లో ఎవరింట్లోనో ఉండిపోవాల్సి వస్తుంది.

వీసా తర్వాత చిక్కు గడియారం. సింగపూర్, మలేషియా టైము ఒకటే. ఫుకెట్ గంట వెనక. కొన్ని ఓడలు థాయ్‌లాండ్ టైముకు మారతాయి, కొన్ని సింగపూర్ టైములోనే ఉండిపోతాయి. చేతిలో ఫోను మాత్రం ఒడ్డెక్కగానే తనంతట తాను మారిపోతుంది. ఐదింటికల్లా ఓడలో ఉండాలని చెప్పారు, ఫోన్లో నాలుగే అయింది, ఇంకో మాల్ చూడొచ్చు అనుకుంటారు. అప్పటికే ఓడలో ఐదు. మామూలు చేతి గడియారం ఒకటి ఓడ టైముకు పెట్టుకుని వెళ్ళడం ఇందుకే. దీనికితోడు ఫుకెట్ లాంటి చోట్ల ఓడ చాలాసార్లు ఒడ్డుదాకా రాదు. లోతు నీళ్ళలో లంగరేసి చిన్న పడవల్లో జనాన్ని దించుతారు. ఆ పడవ కోసం క్యూలో పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోవాలి.

ఆలస్యమైతే ఏమవుతుందన్నది 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. ఆఫ్రికా పక్కన సావో తోమే ద్వీపంలో సొంతంగా టూరు మాట్లాడుకుని వెళ్ళిన ఎనిమిది మంది ఆలస్యంగా రేవుకొచ్చారు. ఎదురుగా ఓడ కనిపిస్తూనే ఉంది. ఎక్కించుకోలేదు. గాంబియాలో అందుకుందామని విమానాలు మారుతూ పోతే, ఆటుపోటుల వల్ల ఓడ అక్కడ ఆగనేలేదు. చివరికి సెనెగల్‌లో పట్టుకున్నారు. ఓడ కంపెనీ నడిపే టూరులో వెళ్తే ఖర్చెక్కువే, కానీ బస్సు ఆలస్యమైతే ఆ బాధ్యత కంపెనీదే అవుతుంది. ట్యాక్సీ మాట్లాడుకుని వెళ్తే బాధ్యత మనది. రేవు పక్కనే తిరిగి రావడానికి ట్యాక్సీ చాలు. ఊరికి దూరంగా పోయేటప్పుడు ఓడవాళ్ళ టూరే నయం. ఎక్కే ఊరికి ఒక రోజు ముందే చేరడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. తెల్లారి దిగి మధ్యాహ్నం ఓడెక్కుదామనుకుంటే, హైదరాబాద్‌లో విమానం ఆలస్యమైతే నాలుగు రాత్రుల డబ్బు సముద్రంలో పోసినట్టే.

ఎక్కగానే అందరూ బఫే మీదికి పరిగెత్తుతారు. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చూసుకుని రావడం. ఇప్పుడు చాలా ఓడల్లో లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో ఫోన్లో వీడియో చూపిస్తారు, తర్వాత మనకిచ్చిన చోటికి వెళ్ళి కార్డు గీకించుకుంటే చాలు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అక్కడికి చేరాలి. 2012 జనవరి 13న ఇటలీలోని జీలియో ద్వీపం దగ్గర కోస్టా కాంకోర్డియా రాతిని గుద్దుకున్నప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన వందలాది మందికి అప్పటికింకా ఈ శిక్షణే ఇవ్వలేదు. ఎక్కిన 24 గంటల్లోపు ఇస్తే చాలని అప్పటి నిబంధన. 32 మంది చనిపోయారు. ఆ తర్వాతే, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో శిక్షణ ఇవ్వాలని నిబంధన మార్చారు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తలుచుకుంటే, లైఫ్ జాకెట్ గురించి చెప్పేటప్పుడు సెల్ఫీలు తీసుకోవాలనిపించదు.

గది విషయంలో డబ్బు ఎక్కడ పెట్టాలన్నది సముద్రం పడుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బస్సులో వెనక సీటుకూ మధ్య సీటుకూ కుదుపులో ఎంత తేడానో ఓడలోనూ అంతే. కింది అంతస్తుల్లో, నడిమధ్యలో ఉన్న గది తక్కువ ఊగుతుంది. అన్నిటికన్నా పైన, ముక్కు దగ్గర ఉన్న బాల్కనీ గది ఫోటోల్లో బాగుంటుంది, కడుపులో మాత్రం తిప్పేస్తుంది. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెప్తుంటే, గది గోడలను చూస్తున్న కళ్ళు కదలడంలేదని చెప్తాయి. ఆ తగువు వల్లే వాంతులు. డెక్ మీదికెళ్ళి దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసేచోటు చూస్తే సర్దుకుంటుంది. ఘాట్ రోడ్డు ప్రయాణాలకు మందుల షాపులో ఇచ్చే మాత్రలే ఇక్కడా పనికొస్తాయి. తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. గ్లకోమా, ప్రొస్టేట్ ఇబ్బందులున్న పెద్దలు డాక్టరును అడిగి మరీ వేసుకోవాలి. ఓడలో డాక్టరుంటాడు, బిల్లు డాలర్లలో ఉంటుంది. ఆస్పత్రికి తరలించే ఖర్చును కూడా భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా అరవై దాటినవాళ్ళను తీసుకెళ్ళడం దుస్సాహసం.

ఇక తిండి. సింగపూర్ నుంచి తిరిగే ఓడల్లో భారతీయ శాకాహారం, జైన భోజనం దొరుకుతాయి. కరీబియన్, అలాస్కా ఓడల్లో మెనూలో కనిపించకపోవచ్చు గానీ, ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌కు చెప్పి పెడితే పప్పూ కూరా చేయించి పెట్టేవాళ్ళు చాలాచోట్ల ఉన్నారు. వంటింట్లో మనవాళ్ళు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. అమ్మ పెట్టిన ఆవకాయ సీసా మాత్రం గేటు దగ్గరే ఆగిపోవచ్చు. ఇంట్లో వండినవి చాలా ఓడలు రానివ్వవు. సీలు తీయని ప్యాకెట్లకు అభ్యంతరం ఉండదు. ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, కొవ్వొత్తులు, అగరుబత్తీలు అన్నీ నిప్పు భయంతో తీసేసుకుంటారు. నడిసముద్రంలో ఫైరింజన్ రాదు మరి. భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఓడల్లో వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్‌ను శానిటైజర్ సరిగా చంపలేదు.

పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. మాత్రలు, పాస్‌పోర్టు, పిల్లల ఈత బట్టలు చేతిసంచిలో ఉంచుకోవాలి. ఓడ కదలగానే ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయాలి. లేకపోతే అది ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది, ఇంటికొచ్చాక బిల్లు చూసి గుండె జారుతుంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు ముంబై నుంచో చెన్నై నుంచో రెండు రాత్రుల యాత్రతో మొదలుపెట్టండి. సముద్రం మీకు పడుతుందో లేదో తెలియడానికి ఆ రెండు రాత్రులు చాలు. ఏడు రాత్రులకు డబ్బు కట్టాక తెలిస్తే, మధ్యలో దిగిపోవడానికి అక్కడ బస్టాపులుండవు.