పాత జీపుకు వెనక డోరు: కోసే ముందు తెలుసుకోవలసిన సంగతులు

చలికాలం వచ్చిందంటే ఢిల్లీ వార్తల్లో ఆర్.కె. పురం పేరు తరచుగా వినిపిస్తుంది. ఈ ప్రభుత్వోద్యోగుల కాలనీలో గాలి నాణ్యతను కొలిచే కేంద్రం ఉంది. అక్కడ నమోదైన అంకెలు మర్నాడు పత్రికలకెక్కుతాయి. ఢిల్లీ గాలి దిగజారడం వల్ల చిక్కుల్లో పడిన వాటిలో పాత వాహనాలు కూడా ఉన్నాయి. 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లు, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత కూడా ఈ వ్యవహారం కోర్టుల్లో నలుగుతూనే ఉంది.

మరి ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని నిద్రపోతున్న తాతగారి కాలం జీపు సంగతేమిటి? దానికి ఒక దారి ఉంది. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని ‘వింటేజ్’ బండిగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి కుదరదు గానీ, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు. అయితే ఒక షరతుంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు.

పాత జీపును బాగు చేయించే వారిలో చాలామందికి కలిగే కోరిక ఒకటి ఈ షరతుకు నేరుగా అడ్డం వస్తుంది. అదే కిందికి దించుకునే వెనక డోరు, అంటే టెయిల్‌గేట్. సామాను ఎక్కించడానికి హాయి. దించితే కూర్చోవడానికి బల్ల. ఒక రేకు ముక్క కోసి, రెండు కీళ్లు బిగించి, గొలుసులు తగిలిస్తే అయిపోయేదేగా అనిపిస్తుంది. కానీ అంత తేలిక కాదు.

ముందు తేల్చుకోవలసింది బండి ఏదన్నది. రెండో ప్రపంచ యుద్ధం కోసం తయారైన విల్లీస్ ఎంబీ జీపుకు వెనక డోరు లేనే లేదు. వెనక ఉన్నది కదలని రేకు. దానికే స్టెప్నీ, పెట్రోలు డబ్బా వేలాడేవి. యుద్ధం ముగుస్తుండగా 1945లో అదే కంపెనీ రైతుల కోసం సీజే-2ఏ తెచ్చింది. పొలం పనికి బస్తాలు ఎక్కించాలి కదా! అందుకని వెనక డోరు పెట్టారు, స్టెప్నీని పక్కకు జరిపారు. కాబట్టి సీజే జీపుకు తుప్పు తినేసిన డోరును పాత కొలతలతో మళ్లీ చేయించడం పునరుద్ధరణ. యుద్ధకాలపు ఎంబీకి వెనక రేకు కోసి డోరు పెట్టడం మాత్రం బాడీని మార్చడమే. దరఖాస్తులను పరిశీలించే రాష్ట్ర కమిటీ దీన్ని పట్టించుకోదనుకోవడం అమాయకత్వం. ఒకసారి కోసిన అసలు రేకు తిరిగి రాదు కూడా.

చట్టం మాట పక్కనపెట్టినా, భౌతికశాస్త్రం ఊరుకోదు. మూత లేని అట్టపెట్టెను రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పి చూడండి. ఇప్పుడు దాని ఒక చివరి గోడను కోసేసి మళ్లీ మెలితిప్పండి. పక్క గోడలు రెండూ చెరోవైపు ఊగుతాయి. జీపు తొట్టి సరిగ్గా ఇలాంటి మూతలేని పెట్టే. బరువు మోసేది కింద ఉన్న ఛాసిస్ అయినా, గతుకుల్లో ఒక చక్రం పైకి లేచినప్పుడు ఛాసిస్‌తో పాటు తొట్టి కూడా మెలిపడుతుంది. పక్క గోడలను నిలిపి ఉంచేది వెనక రేకే. దాన్ని తీసేస్తే ఆ ఒత్తిడంతా మూలల మీద పడి, కొన్నాళ్లకు అక్కడ పగుళ్లు మొదలవుతాయి.

పోయిన గట్టిదనాన్ని తిరిగి తేవడానికి ఇంజినీర్ల దగ్గర ఒక ఉపాయం ఉంది: మూసిన గొట్టం. కాగితపు స్ట్రాను మెలితిప్పితే ఎదురు తిరుగుతుంది. దాన్నే పొడవునా చీల్చి మెలితిప్పితే లొంగిపోతుంది. కాగితం అదే, బరువు అదే. 40 మి.మీ. చదరపు గొట్టాన్ని 1.2 మి.మీ. రేకుతో చేస్తే, మెలితిప్పడాన్ని అది ఎదుర్కొనే శక్తి చీల్చిన గొట్టం కన్నా సుమారు 800 రెట్లు ఎక్కువ. నమ్మశక్యం కాని అంకే, కానీ సూత్రం కట్టి చూస్తే వచ్చేది అదే. అందుకే డోరు పక్కల నిలువు స్తంభాలను, నేల చివర అడ్డంగా ఉండే పట్టీని ఒట్టి ‘ఎల్’ మడతగా వదిలేయకుండా నాలుగువైపులా మూసిన గొట్టాలుగా కట్టాలి.

ఇక డోరు. 90 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు, 1.2 మి.మీ. మందం అనుకుంటే ఒట్టి రేకు బరువు 4 కిలోల లోపే. కానీ చదునైన రేకు చేత్తో నొక్కితే డబ్‌డబ్‌మని లోపలికీ బయటికీ ఎగురుతుంది. మందం రెట్టింపు చేస్తే గట్టిదనం 8 రెట్లవుతుంది గానీ బరువూ రెట్టింపవుతుంది. దానికన్నా రేకులో గాళ్లు నొక్కించడం తెలివైన పని. ఇంటి పైకప్పు రేకులకు అలలు ఉండేది ఇందుకే. పై అంచును ఇనుప కడ్డీ చుట్టూ చుట్టిస్తే ఇంకా మంచిది. పాత ఇనుప బకెట్టు మూతి చుట్టను తడిమి చూస్తే లోపల తీగ తగులుతుంది, అదే పద్ధతి. రేకును 90 డిగ్రీలకు వంచి వదిలితే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి వస్తుంది కాబట్టి, అనుభవమున్న మేస్త్రీ ఆ మేరకు ఎక్కువగానే వంచుతాడు. మనవైపు టింకరింగ్ అనే ఈ పనిని ఢిల్లీలో డెంటింగ్ అంటారు.

పని చెడేది ఎక్కువగా వెల్డింగ్ దగ్గరే. 100 మి.మీ. ఉక్కు 500 డిగ్రీలు వేడెక్కితే 0.6 మి.మీ. సాగాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లటి రేకు సాగనివ్వదు. మెత్తబడిన లోహం అక్కడే నలుగుతుంది, చల్లారాక కుంచించుకుని చుట్టూ ఉన్న రేకును లాగేస్తుంది. అద్దంలాంటి రేకు అప్పడంలా తయారవుతుంది. ఏకబిగిన గీత లాగకుండా ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మధ్యలో నింపుకుంటూ రావడమే దీనికి మందు. కీళ్లు కూడా ఒకే సరళరేఖ మీద ఉండాలి. లేకపోతే డోరు సగంలో బిగుసుకుంటుంది. కీళ్లన్నిటిలోంచి ఒకే పొడవైన కడ్డీ దూర్చి, ఆ తర్వాతే వాటిని అతికిస్తే ఈ బాధ ఉండదు.

దించిన డోరును మోసేది రెండు గొలుసులు. వాటి లెక్క ఆసక్తికరంగా ఉంటుంది. 80 కిలోల మనిషి కీలుకు 40 సెం.మీ. దూరంలో, అంటే అంచుకు దగ్గరగా కూర్చున్నాడనుకుందాం. గొలుసులు కీలుకు 35 సెం.మీ. దూరంలో 45 డిగ్రీల కోణంలో కట్టి ఉంటే ఒక్కో గొలుసు మీద పడే లాగుడు సుమారు 65 కిలోల బరువుతో సమానం. కోణాన్ని 30 డిగ్రీలకు తగ్గిస్తే అది 90 కిలోలు దాటుతుంది. ఇద్దరు కూర్చుంటే రెట్టింపు. మెల్లగా కూర్చోకుండా ఒక్కసారిగా బరువు వేస్తే మళ్లీ దాదాపు రెట్టింపు. మరో చిత్రం, మనిషి గొలుసు కొక్కెం కన్నా బయటికి కూర్చున్నప్పుడు కీలు మీద బరువు కిందికి పడదు. డోరు కీలు దగ్గర పైకి లేవాలని చూస్తుంది. కాబట్టి పైకి లాగితే ఊడిపోయే రకం కీళ్లు ఇక్కడ పనికిరావు. కొక్కేలను కూడా పల్చటి రేకుకు నేరుగా అతికించకూడదు, వెనక మందపాటి పట్టీ ఉండాలి.

తుప్పు సంగతి చాలామంది చివర్లో తలుచుకుంటారు, నిజానికి మొదట్లోనే ఆలోచించాలి. రెండు రేకులు కలిసే ఇరుకు సందులో నీరు చేరితే బయటి అంచుకు ఆక్సిజన్ అందుతుంది, లోపలికి అందదు. ఆ తేడాతో చిన్న బ్యాటరీలాంటిది ఏర్పడి, ఆక్సిజన్ అందని లోపలి భాగమే కరిగిపోతుంది. మూసిన గొట్టాలకు, డోరు కింది మడతకు నీరు కారిపోయే రంధ్రాలు పెట్టకపోతే రెండు వర్షాకాలాల్లో రంగు బుడగలు కడుతుంది. ఆర్.కె. పురానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో 1,600 ఏళ్ల నాటి మెహ్రౌలీ ఇనుప స్తంభం నిలిచి ఉంది. దాని ఇనుములో భాస్వరం ఎక్కువ కావడంతో ఉపరితలంపై రక్షణ పొర ఏర్పడింది. బజారులో దొరికే రేకుకు ఆ అదృష్టం లేదు. అతికే చోట్ల వెల్డింగ్‌కు పనికొచ్చే జింక్ ప్రైమర్ పూయించాలి. జింక్ పూత ఉన్న రేకును వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే తెల్లటి పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు, కాబట్టి దాన్ని పొడిగా గీకించకూడదు.

డోరు దించి బండి నడపడం మంచిది కాదు. నంబరు ప్లేటు డోరు మీద ఉంటే కనిపించకుండా పోతుంది. పైగా ముందుకు సాగే బండి వెనక గాలి పీడనం తగ్గుతుంది. పైన గుడ్డ టాపు ఉండి వెనక తెరిచి ఉంటే, సైలెన్సర్ వదిలిన పొగ ఆ తక్కువ పీడనంలోకి తిరిగి లోపలికి లాగబడుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు; వెనక సీట్లో కూర్చున్న వారికి తలనొప్పి మొదలైతే గతుకుల వల్లేమో అనుకుంటారు.